సోడా నీళ్లలో అంగీ

మిషన్ పేట,
జమ్మలమడుగు తాలూకా,
12-2-1995

నా బంగారు తల్లి లీలమ్మకు నాయన జయరాజు ప్రభువు కృపతో దీవించి రాయునది.

ఇక్కడ నేనూ నీ తమ్ముడు మోషే ఏ కొరతా లేకుండా ఉన్నాము. నువ్వూ అట్లే ఉన్నావని నమ్ముతున్నాను.

అమ్మా, తొండూరులో సైన్సు టీచరుగా చేరినానని నువ్వు వేసిన కార్డు అందిన రోజు నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పోస్టుమ్యాన్ చేతిలోనుంచి తీసుకున్న కార్డును మళ్లీ అతనికే ఇచ్చి చదివించుకున్నాను. నాకు చదవడం రాక కాదు, ఇంకొకరి నోట వినాలని. గుడిలో పాస్టరు గారికి చూపించినాను. జమ్మలమడుగు బస్టాండులో మజ్జిగ అమ్మే ఆమెకు చూపించినాను. ఆమె ఎవరో నాకు తెలియదు. అయినా సంతోషపడి ఇంకో గ్లాసు పోసింది.

ముప్పై ఒక్క ఏండ్లు ఆసుపత్రిలో నెత్తుటి దుప్పట్లు ఉతికినవాణ్ణి. "జయరాజూ" అని ఎవరు కేకేసినా చేతులు తుడుచుకుంటూ పరిగెత్తినవాణ్ణి. నా కూతురు గదిలోకి వస్తే ఇప్పుడు నలభైమంది పిల్లకాయలు లేచి నిలబడతారు. మీ అమ్మ ఉండి ఉంటే ఈ నాలుగు మాటలు తనే రాయించేది, నన్ను మాట్లాడనిచ్చేది కాదు.

మోషే పని మీద ప్రొద్దుటూరు పోయినాడు. అందుకే వాడి చేతిరాత ఇందులో లేదు. నువ్వు వేరేగా అనుకోవద్దు.

ఒక చిన్న సంగతి. నువ్వు సైన్సు చెప్తావు కదా, నెత్తుటి మరక బట్టను సోడా వేసిన వేడినీళ్లలో పెడితే మరక పోతుందా, ఇంకా ఎర్రబడుతుందా? ఊరికే అడుగుతున్నాను. పాత పని గుర్తుకొచ్చింది.

నీ నాయన,
జయరాజు


తొండూరు,
20-2-1995

నాయనకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివినాను. మజ్జిగ ఆమె సంగతి చదివి నవ్వు ఆపుకోలేకపోయినాను. బస్టాండులో నా పేరు ఇంక ఎవరెవరికి తెలుసో.

ఇక్కడ మాత్రం నాకు ఒళ్లు మండుతోంది. సైన్సు గదికి తాళం వేసి లోపల ఎలక్షన్ పెట్టెలు దాచినారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పరు. పోట్లాడి అరగంట తెరిపిస్తే, లోపల సీసాల మీద చీటీలన్నీ చెదలు తిన్నాయి. ఏది ఆమ్లమో ఏది క్షారమో ఆ సీసాలకే తెలియదు. అందుకని ఇంట్లో పసుపు కలిపి, కాగితాలు ముంచి ఆరబెట్టినాను. రేపు పిల్లలు సున్నమూ సబ్బూ చింతపండూ తెస్తామన్నారు.

ఎనిమిదో తరగతికి నీళ్ల గురించి చెప్పినాను. ఆమ్లం ఒక పక్క, క్షారం ఒక పక్క, మంచినీళ్లు మధ్యన అని. వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, "మరి నీళ్లది యా పార్టీ టీచర్?" అని అడిగింది. తరగతంతా నవ్వింది. నేను నవ్వలేదు. పన్నెండేండ్ల పిల్లకు ఈ ఊర్లలో మొదట తోచే ప్రశ్న అదే కదా. నీళ్లలో రెండు పార్టీల మనుషులూ కొద్దికొద్దిగా ఉంటారు, సరిసమానంగా ఉంటారు, అందుకే నీళ్లకు తగువు లేదు అని చెప్పినాను.

నెత్తుటి మరక గురించి నన్ను అడుగుతావేంది? ముందు చన్నీళ్లలో నానబెట్టాలని, వేడినీళ్లు తగిలితే పట్టుకుంటుందని నాకు నేర్పిందే నువ్వు. ఎందుకు అడిగినావు?

మోషే ప్రొద్దుటూరులో ఏం పనికి పోయినాడు? అడ్రసు రాయి.

లీల


తొండూరు,
27-2-1995

నాయనకు,

ఈసారి నీ క్షేమం అడగను.

మన పక్కింటి బిస్మిల్లా బీ ఎవరితోనో కార్డు రాయించి పంపింది. మూడే వాక్యాలు. "మీ తమ్ముని ఆరో తారీకు పోలీసులు పట్టుకుపోయి జమ్మలమడుగు సబ్‌జైల్లో పెట్టినారు. సుబ్బన్న ఖూనీ కేసు. మీ నాయన అన్నం తినడం లేదు."

మోషేను పట్టుకుపోయింది ఆరో తారీకు. నువ్వు నాకు ఉత్తరం రాసింది పన్నెండో తారీకు. తమ్ముడు జమ్మలమడుగు సబ్‌జైల్లో ఉంటే, "ఏ కొరతా లేకుండా ఉన్నాము" అని రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది? ఉత్తరం మొదట అది రాయాలని నీకు బడిలో నేర్పినారు, సరే. నిజం కాకపోయినా రాయాలని ఎవరు నేర్పినారు?

నా ఉద్యోగం పేరు చెప్పి ఊరంతా తిరిగినావు. మజ్జిగ తాగినావు. నేను నవ్వినాను. వారం రోజులు నేను ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. ఇప్పుడు దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

పరీక్షలు జరుగుతున్నాయి, సెలవు ఇచ్చేది లేదంటున్నారు. లేకుంటే ఈ మాటలు నీ ఎదుట నిలబడి అనేదాన్ని. జరిగింది జరిగినట్టు రాయి. ఒక్క ముక్క దాచినా ఇంక నాకు ఉత్తరం వేయవద్దు.

లీల


మిషన్ పేట,
4-3-1995

అమ్మా లీలా,

కొట్టు, పడతాను. రాసింది నేనే, దాచింది నేనే. నీ మొదటి జీతం రాకముందే నీ నెత్తిన ఇది పెట్టడం ఇష్టంలేక దాచినాను. అదీ నిజమే, చాలదని తెలుసు.

జరిగింది ఇది. ఫిబ్రవరి మూడో తారీకు, శుక్రవారం సాయంత్రం, కల్వర్టు దగ్గర సుబ్బన్నను నరికినారు. సుబ్బన్న ఎదుటి పార్టీ మనిషి, అలివేలమ్మ పెనిమిటి. మోషే నెల రోజులుగా ఓబుళేసు గారి కళ్లంలో పనికి పోతున్నాడు, నీకు తెలుసు. ఓబుళేసు ఈ పార్టీకి పెద్ద. కళ్లం నుంచి మన పేటకు దారి ఆ కల్వర్టు మీదనే. ఆ సాయంత్రం వాడు ఇంటికి వచ్చి మాట్లాడలేదు, అన్నం ముట్టలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మరునాడు నీ కార్డు వచ్చింది. నా సంతోషం ఏం చెప్పేది. ఆదివారం గుడిలో కృతజ్ఞత చెల్లించాలి, నా కొడుకు ఉతికిన అంగీతో నా పక్కన నిలబడాలి అనుకున్నాను. వాడి బట్టలు వాడే ఉతుక్కునేవాడు, మీ అమ్మ పోయినప్పటి నుంచీ అంతే. ఆ రోజు సంబరం పట్టలేక నేనే తీసుకున్నాను. నీళ్లు కాచి, చాకలి సోడా వేసి, అంగీ ముంచినాను.

నీళ్లు ఎర్రబడినాయి తల్లీ. అంగీ ముందరి పక్కంతా, చేతుల దగ్గర, ఎర్రగా మరకలు పైకి తేలినాయి. పొద్దున చూసినప్పుడు అవి లేవు. ముప్పై ఒక్క ఏండ్లు నెత్తుటి బట్టలు ఉతికినవాణ్ణి, నాకు ఇంకేం తోస్తుంది? కల్వర్టు గుర్తుకొచ్చింది, వాడు గోడవైపు తిరిగి పడుకోవడం గుర్తుకొచ్చింది.

వాడిని అడగలేదు. అడిగితే అవును అంటాడేమోనని భయం.

సోమవారం పోలీసులు వచ్చినారు. అంగీ వాళ్ల చేతిలోనే ఉంది. అది ఎట్లా పోయిందని మాత్రం ఇప్పుడు అడగొద్దు.

నీ నాయన


తొండూరు,
9-3-1995

నాయనకు,

నీ ఉత్తరం బడికి వచ్చింది. స్టాఫ్ రూములో చదివి అక్కడే కూర్చుండిపోయినాను. గంట కొట్టినా లేవలేదు. బాధతో కాదు, కోపంతో.

ఓబుళేసు కళ్లంలో మోషే ఏం పని చేస్తున్నాడు? చెప్పు. పసుపు కొమ్ములు ఉడకబెట్టే పని, ఆరబోసే పని, రుద్దే పని. నెల రోజులు వాడు పసుపులో మునిగి తేలినాడు. వాడి అంగీలో నూలు ఎంతో పసుపు అంత. అసలు అంగీయే పాత పసుపు రంగుది, మరక కనబడదు. దాన్ని తీసుకుపోయి సోడాలో ముంచినావు.

పోయిన నెల ఇరవై ఒకటిన నా తరగతిలో ఏమైందో రాస్తాను, విను. పిల్లలు పసుపు కాగితం మీద సున్నపు నీళ్లు వేసినారు, ఎర్రబడింది. సబ్బు నీళ్లు, ఎర్రబడింది. చాకలి సోడా వేస్తే అచ్చం నెత్తురు లెక్కన అయింది. ఒక పిల్ల భయపడి వెనక్కి జరిగింది. ఆ ఎర్రదాని మీద నిమ్మరసం పిండినారు. మళ్లీ పసుపుపచ్చ. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే తిరిగి వస్తుంది. నెత్తురు అట్లా తిరిగి రాదు. నిమ్మరసం పోస్తే నల్లబడుతుంది, అంతే.

ఇది సైన్సు టీచరుకు మాత్రమే తెలిసిన సంగతి అనుకునేవు. కాదు. పసుపు చీరకు సబ్బు పెడితే ఎర్రమరక తేలుతుందని బండ మీద బట్టలు ఉతికే ప్రతి ఆడమనిషికీ తెలుసు. అమ్మకు తెలుసు. బిస్మిల్లా బీకి తెలుసు. నువ్వు గోడ మీదుగా ఒక్క మాట అడిగి ఉంటే, అంగీ ఎత్తి చూపించి ఉంటే, ఆమె నవ్వి లోపలికి పోయేది. నీకు తెలియదు, ఎందుకంటే ఆసుపత్రి దుప్పట్లకు నెత్తురే అంటుతుంది, పసుపు అంటదు. పోలీసులకు తెలియదు, ఎందుకంటే వాళ్ల బట్టలు వాళ్ల పెండ్లాలు ఉతుకుతారు. ఇంతమంది మగవాళ్ల చేతులు మారిన అంగీని ఒక్క ఆడదానికి చూపించాలని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడే పో. బిస్మిల్లా బీ దగ్గర పాత గుడ్డ అడుగు. పసుపు, సోడా, నిమ్మకాయ. ఆమె చేతనే చేయించు, నువ్వు చూడు.

అంగీ వాళ్లకు ఎట్లా చేరిందో అడగొద్దన్నావు. అడుగుతున్నాను.

లీల


మిషన్ పేట,
18-3-1995

నా తల్లికి, నా కండ్లు తెరిపించిన నా టీచరమ్మకు,

నీ ఉత్తరం చేతిలో పట్టుకునే బిస్మిల్లా బీ ఇంటికి పోయినాను. గుడ్డకు పసుపు పూసింది, సోడా నీళ్లలో ముంచింది. అదే ఎరుపు. నిమ్మకాయ పిండింది. ఎరుపంతా పోయి పచ్చగా నవ్వినట్టు అయింది. నేను ఆమె వాకిట్లోనే మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చినాను, నవ్వినాను, ఏది ముందో నాకు గుర్తులేదు. ఆమె నిలబడి చూసి ఒకటే మాట అనింది.

"ఏందన్నా, దీనికా నెల దినాల్నించి కూడు మానేసినావు? నన్నడిగింటే ఆ పొద్దే చెప్తాంటి కదా."

లీలా, నా కొడుకు చెయ్యి శుభ్రం. ఊరంతా పరిగెత్తి చెప్పాలనిపించింది. వాకిలి దాటి పది అడుగులు వేసి ఆగినాను. నువ్వు అడిగినదానికి జవాబు అప్పుడు నా ఎదుట నిలబడింది.

అంగీ ఇచ్చింది నేనే.

ఆ శనివారం తడి అంగీని సంచిలో పెట్టుకుని ఓబుళేసు దగ్గరకు పోయినాను. మన పేట ఓట్లు ఇరవై ఏండ్లుగా ఆయనకే వేసినాము కదా, నా కొడుకును కాపాడతానంటాడని పోయినాను. కాళ్లు పట్టుకున్నాను. "నా పిల్లోడు ఏందో చేసినాడయ్యా, కాపాడు" అన్నాను. ఆయన అంగీని చాలాసేపు చూసినాడు. "ఇది నా దగ్గర పెట్టిపో జయరాజూ, నువ్వు నిశ్చింతగా పడుకో" అన్నాడు. నేను దండం పెట్టి వచ్చినాను. ఆదివారం గుడిలో నీ ఉద్యోగానికి పాట కూడా పాడినాను. సోమవారం అదే అంగీ పోలీసుల చేతిలో.

సుబ్బన్నను నరికింది ఆయన మనుషులేనని పేటలో అందరూ గొంతు తగ్గించి అంటున్నారు. వాళ్లకు కేసులో ఇరికించడానికి ఒక మనిషి కావలసి ఉండె. నేను నడిచిపోయి సంచిలో పెట్టి ఇచ్చినాను.

నిన్న మళ్లీ పోయినాను. ఈసారి కాళ్లు పట్టుకోలేదు. అది పసుపు అని చెప్పినాను. నీ మాట చెప్పినాను, నిమ్మకాయ సంగతి చెప్పినాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"పసుపో నెత్తురో మనకెందుకప్పా. ఎలక్షను అయ్యేదంకా ఊరకుండు. పిల్లోనికి బెయిలు నేనిప్పిస్తా. నీ కూతురు తొండూర్లో కదా పనిచేస్తాండేది, కావాలంటే ఈడికే మార్పిస్తా."

డెబ్బై ఏండ్లలో నేను ఎవరి ఎదుటా గొంతు పెంచలేదు లీలా. నిన్న పెంచినాను. "నా బిడ్డ ఉద్యోగం తన చదువుతో తెచ్చుకున్నది, నువ్వు ఇచ్చేది యాడిది" అన్నాను. వీధి అంతా వినింది. ఇంటికి వచ్చి గోడ మీద ఆయన పార్టీ కాగితాలు చించి పొయ్యిలో వేసినాను. నీళ్లు అదే పొయ్యి మీద కాచుకుని స్నానం చేసినాను.

నువ్వు ఏమన్నా అను. అన్నీ నిజమే.

నీ నాయన


తొండూరు,
27-3-1995

నాయనకు,

నీ ఉత్తరం అందినాక ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పోయి వచ్చి ఇది రాస్తున్నాను.

ఓబుళేసు మీద కోపం సులభం. వాడు వాడి పని చేసినాడు. నాకు అర్థం కానిది నువ్వు. వాడి కాళ్లు పట్టుకున్నవాడివి, పక్క గదిలో పడుకున్న కొడుకు భుజం పట్టుకుని లేపలేకపోయినావా?

శనివారం ప్రొద్దుటూరు పోయినాను. ఇనాయతుల్లా గారని ఒక వకీలు, మా హెడ్‌మాస్టరుకు తెలిసిన మనిషి. పసుపు కాగితమూ సోడా పొట్లమూ నిమ్మకాయా ఆయన బల్ల మీద పెట్టి చూపించినాను. ఆయన లోపలికి పోయి భార్యను పిలుచుకొచ్చి ఆమెకు ఎర్రబడిన కాగితం చూపించినాడు. "పసుపు" అనింది ఆమె, ఎందుకు పిలిచినారని విసుక్కుంటూ వెళ్లిపోయింది. కేసు తీసుకుంటానన్నాడు. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు ఎవరి మనిషీ కాదట. అంగీని తెరిపించి ఆయన ఎదుటే పరీక్ష చేయమని అర్జీ పెడతాడట.

ఆదివారం జమ్మలమడుగులో తమ్ముడిని చూసినాను. చిక్కిపోయినాడు. నెత్తురు కాదు పసుపు అని చెప్పినాను. "నాకు తెల్సు కదక్కా" అన్నాడు. ఆ సాయంత్రం ఎందుకు అన్నం తినలేదని అడిగినాను. కల్వర్టు మీద సుబ్బన్న పడి ఉండటం చూసినాడట. కొన ఊపిరి ఉందట. నీళ్లు అడిగినాడట. వీడు పరిగెత్తుకుని చేతుల్లో నీళ్లు తెచ్చేలోపల సుబ్బన్న ప్రాణం పోయిందట. అదీ సంగతి. అది మరునాడు నీకు చెబుదామనే అనుకున్నాడట. మరునాడు నువ్వు నా కార్డు పట్టుకుని ఆడుతూ తిరుగుతున్నావు. నీ సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక ఆగినాడు.

మీ ఇద్దరూ ఒకరి సంతోషం ఒకరు కాపాడుతూ ఇంత దూరం తెచ్చినారు.

అంగీ ఎవరిచ్చినారో వాడికి ముందే తెలుసు. పోలీసులే చెప్పి ఎగతాళి చేసినారట. చివర ఒక్కటే అన్నాడు.

"నాయన ఒక్క మాట నన్నడిగింటే సరిపోతాండె."

తనను చూడటానికి నిన్ను రావద్దని చెప్పమన్నాడు. చెప్పినాను.

లీల


మిషన్ పేట,
17-4-1995

నా తల్లి లీలకు,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చించినాను. కొడుకు వద్దన్న తండ్రిని. అయినా ఈ రోజు నాకు ఎంత సంతోషంగా ఉందో రాయకపోతే ఈ గుండె నిలవదు, తిట్టుకో.

ఇన్‌స్పెక్టరు అందరినీ పిలిపించినాడు. వకీలు గారు, నేను, సాక్షిగా బిస్మిల్లా బీ. సుబ్బన్న తరఫున అలివేలమ్మను తెచ్చినారు. ఆమె నా మొహం చూడలేదు. నా కొడుకే తన పెనిమిటిని చంపినాడని రెండు నెలలుగా నమ్ముతున్న మనిషి, ఎందుకు చూస్తుంది?

సీలు విప్పి అంగీని బల్ల మీద పరిచినారు. ఎర్రమరకలు ఎండి బిరుసుగా ఉన్నాయి. వకీలు గారు జేబులోనుంచి నిమ్మకాయ తీస్తే పోలీసులు నవ్వినారు. ఇది ఖూనీ కేసా, ఊరగాయ కేసా అన్నాడు ఒకడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. ఒక మూల మాత్రమే అని చెప్పి పిండించినాడు.

లీలా, నువ్వు చెప్పినట్టే అయింది. ఎర్రగా ఉన్న చోటు పచ్చబడింది. అయినా ఒక పోలీసాయన, నిమ్మకాయకు నెత్తురు కూడా పోతుందేమో సార్ అన్నాడు.

అప్పుడు అలివేలమ్మ లేచింది. ఎవరూ పిలవలేదు. వచ్చి అంగీ అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నా మొగుని అంగీ నేనుతికినా సారూ. నెత్తురెట్లుంటాదో నాకు తెల్సు, ఇంగ జన్మలో మర్చిపోను. ఇది పసుపు. మీ ఇండ్లల్లో ఆడోళ్లను యా ఒక్కరన్నా అడిగినారా?"

బిస్మిల్లా బీ పోయి ఆమెను పట్టుకుంది. నేనూ దగ్గరకు పోయి ఒక మాట చెప్పినాను. నీళ్లు అడిగితే తెచ్చింది నా కొడుకేనమ్మా, అందలేదు అని. అప్పుడు నా మొహం చూసింది. ఎంతసేపు చూసిందో.

అసలు పరీక్ష కాగితం కర్నూలునుంచో హైదరాబాదునుంచో రావాలట, అది వచ్చినాక విడిపిస్తారట. వకీలు గారు అనుమానమే అక్కరలేదన్నాడు. ఓబుళేసు మీద మాత్రం ఎవరూ ఏమీ రాసుకోలేదు. వాడు వచ్చే ఎలక్షన్లో నిలబడతాడు, గెలుస్తాడు కూడా. ఆ మంట నాకు ఉంది. అది ఏ సోడాకూ చల్లారదు.

బిడ్డ బయటకు వస్తున్నాడు తల్లీ.

నీ నాయన


తొండూరు,
6-5-1995

నాయనకు,

మోషే మొన్న విడుదలయినాడు. నేరుగా బస్సెక్కి ఇక్కడికే వచ్చినాడు. నువ్వు జైలు బయట పొద్దున్నుంచీ కొత్త పంచె కట్టుకుని నిలబడి ఉన్నావని, వాడు నిన్ను దాటుకుని బస్టాండు వైపు నడిచినాడని వకీలు గారు చెప్పినారు. దానికి వాడిని నేను తిట్టలేదు. నిన్ను ఓదార్చడానికీ నాకు ఇంకా చెయ్యి రావడం లేదు.

తింటున్నాడు, పడుకుంటున్నాడు. నా తరగతి పిల్లల నోట్సులు తిరగేస్తుంటాడు. నిన్న ఆ పుస్తకంలో శరీరం గురించిన పాఠం చదివి, ఇది నిజమా అక్కా అని అడిగినాడు. నిజమే అన్నాను. నీకూ చెప్తాను, చదువు.

మనిషి నెత్తురు కొంచెం క్షారం వైపు ఉంటుంది. ఎంత ఉండాలో దానికి వెంట్రుకవాసి హద్దు. ఇటు జరిగినా అటు జరిగినా ప్రాణం పోతుంది. మనం తినేది పులుపు, పరిగెత్తితే కండరాల్లో పుట్టేది పులుపు. అయినా ఆ హద్దు తప్పదు. తప్పబోతే ముందు ఊపిరి సర్దుతుంది, వేగంగా వదిలి లోపలి పులుపును బయటకు తోస్తుంది. నిమిషాల పని. ఊపిరి వల్ల కానిది మూత్రపిండాలు చూసుకుంటాయి. వాటికి రోజులు పడుతుంది. తొందరపెట్టినా వినవు.

వీడిది ఊపిరితో సర్దుకునే సంగతి కాదు నాయనా. అది నాకు తెలుస్తోంది. నాదీ కాదు.

నువ్వు మాత్రలు వేళకు వేసుకుంటున్నావా? బిస్మిల్లా బీ రాయించి పంపింది, మళ్లీ అన్నం సగంలో లేస్తున్నావని. లేవద్దు.

లీల


మిషన్ పేట,
11-5-1995

లీలమ్మకు, ఈ ఉత్తరం విప్పి చదివే మోషేకు,

ఇక్కడ నేను బాగాలేను. ఈసారి ఇదే మొదట రాస్తున్నాను.

వకీలు గారు అంగీ తెచ్చి ఇచ్చినారు. సీలు చీటీ ఇంకా గుండీకి వేలాడుతోంది. ఒక మూల పచ్చగా, మిగిలిందంతా ఎర్రగా ఉంది. దండెం మీద వేసినాను. పొద్దున లేస్తానే అదే కనబడుతుంది. బిస్మిల్లా బీ తీసేయమంటుంది. నేను తీయను.

మోషే, నిన్ను నేను అడిగి ఉండవలసింది. నెత్తురును చూసినానని అనుకున్నాను, నిన్ను చూడలేదు. ముప్పై ఒక్క ఏండ్లు ముక్కూ మొహం తెలియనివాళ్ల బట్టలు ఉతికినాను, ఏ ఒక్కరి మీదా తప్పు ఎంచలేదు. నా ఇంట్లో ఒక్క అంగీ ఉతికి కన్న కొడుకు మీద ఎంచినాను.

అయినా నువ్వు బయట ఉన్నావు, ఎండ తగులుతోంది నీకు. జైలు ముందర నువ్వు నన్ను దాటిపోయినప్పుడు నీ నడక చూసినాను. నిటారుగా నడిచినావు. దానికే నేను బస్సులో వచ్చినంతసేపూ సంతోషంతో ఏడ్చినాను, పక్కన కూర్చున్నాయన ఎవరు పోయినారని అడిగినాడు.

నాలుగు నిమ్మకాయలు తెచ్చిపెట్టినాను. అంగీ శుభ్రంగా ఉతికి, ఎరుపు అంతా తీసి, తొండూరు బస్సులో పంపిస్తాను.

మీ నాయన


తొండూరు,
15-5-1995

(కార్డు)

నాయనకు,

అంగీ ఉతకవద్దు. దండెం మీదనే ఉండనీ.

నేనే వచ్చి ఉతుక్కుంటాను.

మోషే